కాలిపోయిన వైరింగ్, తిరిగివ్వని అంబాసిడర్

ప్రశ్న: మా నాన్నగారి 1970 అంబాసిడర్‌లో హెడ్‌లైట్లు మసకగా ఉన్నాయని హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాప్‌కి ఇచ్చాను. వైరింగ్ సరిచేసి, 100/90 వాట్ల (హైబీమ్‌కి 100, లోబీమ్‌కి 90) బల్బులు వేసి 38 వేలు తీసుకున్నారు. నెల తిరక్కుండానే లైట్ల స్విచ్ దగ్గర వైర్లు కాలిపోయాయి. మళ్లీ తీసుకెళ్తే, ‘పాత బండికి గ్యారంటీ ఉండదు, ఇంకో 15 వేలు కడితేనే కారు ఇస్తాం’ అంటున్నారు. పని మాత్రం మొదలుపెట్టలేదు. ఏం చేయాలి? మొత్తం వైరింగ్ మార్పిస్తే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి ఇబ్బంది అవుతుందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు కారు ఇంటికి రావాలి. చేసిన పనికి డబ్బు అందకపోతే బండిని ఆపుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ మెకానిక్‌కి ఇచ్చింది. కానీ మీరు 38 వేలు కట్టేశారు. ఈ 15 వేలు ఇంకా చేయని పనికి. దానికోసం కారు పట్టి ఉంచడం కుదరదు. ఇదే రాసి, వారం గడువిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. తప్పనిసరై డబ్బు కట్టాల్సి వస్తే, ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని వాట్సాప్‌లోనైనా రాయండి. లేకపోతే ఇష్టపడి ఇచ్చారంటారు.

ఇక సేవాలోపం. ఒక తేడా గమనించండి. డైనమో (బ్యాటరీని ఛార్జ్ చేసే పాతరకం జనరేటర్) ఉన్న పాత కార్లలో ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉంటే లైట్లు మసకబారడం మామూలే, ఆ ఫిర్యాదు నిలవదు. మీ బలమంతా బల్బుల్లో ఉంది. మామూలు హాలోజెన్ 60/55 వాట్లు. హైబీమ్‌లో రెండు బల్బులూ కలిపి 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు లాగుతాయి. 100 వాట్లవైతే దాదాపు 17. రిలే (ఎక్కువ కరెంటు స్విచ్ మీద పడకుండా విడిగా పంపే పరికరం) పెట్టకుండా అంత కరెంటు పాత స్విచ్ గుండా పంపి ఉంటే అది నిర్లక్ష్యమే, ‘గ్యారంటీ లేదు’ అన్న మాట దాన్ని కాపాడదు. అందుకే కాలిన వైర్లు, స్విచ్, బల్బులు పారేయనివ్వకండి. కారు ఉన్నచోటే ఫోటోలు తీసుకోండి. చేతికొచ్చాక, ముట్టుకోకముందే మరో ఆటో ఎలక్ట్రీషియన్‌తో కారణం రాయించి సంతకం పెట్టించుకోండి. నా దృష్టిలో ఆ కాగితమే మీ కేసుకి ప్రాణం.

కేసుకి హైదరాబాద్ తిరగనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. రెండేళ్ల గడువుంది. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. కట్టిన డబ్బు, మళ్లీ రిపేరుకయ్యే ఖర్చు, పరిహారం అడగండి. నోటీసుకీ కారు ఇవ్వకపోతే, దాన్ని అప్పగించమని మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చు. కేసు వేసే ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది.

వింటేజ్ గురించి టెన్షన్ వద్దు. 2021 నిబంధనలు 50 ఏళ్లు దాటిన బండి అసలు రూపంలో ఉండాలంటాయి. చాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు కూడదంటాయి. పాత పద్ధతిలోనే వైర్లు కొత్తవి వేయిస్తే అది ఈ మార్పుల కిందికి రాదు. ఆ 100 వాట్ల బల్బులు మాత్రం మళ్లీ పెట్టించకండి.