అదంతా జీతం కింద రాదు, దాన్ని నమ్ముకుని అప్పు చేయకండి

బ్రిటన్‌లోని లెస్టర్ నుంచి ఒక పాఠకుడు రాశారు. పీఎస్‌డబ్ల్యూ వీసా (చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చేది) మీద ఫోన్ల షాపులో పనిచేస్తుంటే ఉన్నపళంగా తీసేశారట. గల్లాలో తక్కువొచ్చిందని చివరి జీతంలో 340 పౌండ్లు కట్ చేశారు. కమీషన్ 620, వాడుకోని సెలవుల డబ్బు 410, సొంతంగా పెట్టుకున్న పెట్రోలు ఖర్చు 180, నెల నోటీసు జీతం 1,900 ఎగ్గొట్టారు. "మొత్తం 3,450 ఉద్యోగ వివాదాలు తేల్చే ట్రిబ్యునల్‌లో వస్తాయి కదా అని, జీతం పడేదాకా ఇచ్చే పేడే లోన్ తీసుకున్నాను, చాలకపోతే ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెప్పించుకోనా?" అని అడిగారు.

వద్దండీ, దయచేసి ఆ పని చేయకండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు, రావాల్సిన డబ్బును వచ్చేసిన డబ్బులా లెక్కేసుకుని.

1996 ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ యాక్ట్ 27వ సెక్షన్ ప్రకారం కమీషన్, సెలవుల డబ్బు జీతమే. 340 కూడా మీ జీతంలోంచి తీసిందే కాబట్టి అడగొచ్చు, కాకపోతే అలా కట్ చేసుకోవచ్చని కాంట్రాక్టులో ఉందా, మీరు ముందే ఎక్కడైనా సంతకం పెట్టారా చూసుకోండి. గల్లా లోటుకు షాపు ఉద్యోగుల జీతంలో పది శాతానికి మించి కట్ చేయకూడదన్న రూలు చివరి జీతానికి వర్తించదు. పెట్రోలు ఖర్చు జీతం కిందికి రాదు. ఉద్యోగం పోయిన తర్వాతి కాలానికి ఇచ్చే నోటీసు డబ్బు కూడా జీతం కాదని 1992లోనే అక్కడి అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చేసింది. అవి కాంట్రాక్టు ఉల్లంఘన కింద విడిగా అడగాలి, అదే ట్రిబ్యునల్‌లో అడగొచ్చు. అంటే జీతం కోత కేసుగా మీ చేతిలో ఉన్నది 1,370, అదీ గెలిస్తేనే, అదీ నెలల తర్వాతే.

పేడే లోన్ వడ్డీ రోజుకు 0.8 శాతం దాకా ఉంటుంది, వెయ్యి తీసుకుంటే రోజుకు 8 పౌండ్లు! దాని మీద ఊళ్లో ఏడాదికి 36 శాతం వడ్డీ అప్పు కూడానా? ఏ పని దొరికితే అది చేసి ముందు పేడే లోన్ తీర్చేయండి. వడ్డీ లేకుండా ఇచ్చే స్నేహితులుంటే మొహమాటపడకుండా అడగండి.

మీ వీసా మీద యూనివర్సల్ క్రెడిట్ లాంటి ప్రభుత్వ సాయం రాదు. అందుకే అక్కడున్న మనవాళ్లందరికీ పదేపదే చెప్తున్నాను, మూడు నెలల అద్దె, తిండి ఖర్చు ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే ఖాతాలో లేకుండా ఇంటికి డబ్బు పంపకండి, కారు కొనకండి. అమ్మానాన్నలకు ఈ సంగతి ముందే చెప్పండి, అర్థం చేసుకుంటారు. మీరూ కొత్త ఉద్యోగంలో మొదటి జీతం నుంచే, నెలకు 100 అయినా సరే, పక్కన పెట్టడం మొదలుపెట్టండి.

కేసు మాత్రం వదలకండి. జీతం కోతకైతే జీతం పడాల్సిన తేదీ నుంచి, కాంట్రాక్టు ఉల్లంఘనకైతే ఉద్యోగం పోయిన తేదీ నుంచి మూడు నెలలకు ఒక రోజు తక్కువ, అంతే గడువు. ఈలోపే ఏకాస్‌కు (ఉద్యోగ వివాదాల్లో రాజీకి ప్రయత్నించే సంస్థ) చెప్పాలి, ఫీజేమీ లేదు. పేస్లిప్పులు, కమీషన్ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు ఈ రాత్రికే దాచుకోండి.