కాంతి రోబోల సంగతి తర్వాత, ముందు మైకోప్లాస్మా టెస్ట్ చేయించండి

ల్యాబ్ ఫ్లాస్క్‌లో సెల్స్ (కణాలు) పెంచే ద్రవం, అంటే మీడియం, తేటగానే ఉంది, సెల్స్ మాత్రం మెల్లగా పెరుగుతున్నాయి, పెనిసిలిన్-స్ట్రెప్టోమైసిన్ యాంటీబయోటిక్‌లు వేసినా మార్పు లేదు, కాంతితో కదిలే మైక్రోరోబోలతో ఫ్లాస్క్ శుభ్రం చేయొచ్చా అని అడిగారు. ఇప్పట్లో ఆ దారి పట్టకండి.

ఆ రోబోల్లో టైటానియం డయాక్సైడ్ రేణువుల రకాన్నే తీసుకోండి. రేణువుకు ఒకవైపే బంగారమో ప్లాటినమో పూత వేస్తారు. యూవీ కాంతి పడగానే రెండు వైపులా రసాయన చర్య ఒకేలా జరగదు, ఆ తేడాతోనే రేణువు ఈదుతుంది. అదే చర్యలో పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ (దేనితోనైనా ఇట్టే చర్య జరిపే అణువులు) బ్యాక్టీరియా పొరను దెబ్బతీస్తాయి. చిక్కల్లా ఏంటంటే, వాటికి మీ సెల్స్ ఏవో, బ్యాక్టీరియా ఏదో తెలియదు. పైగా ఆ యూవీ మీ సెల్స్ డీఎన్‌ఏను కూడా పాడుచేస్తుంది. సెల్స్ లేని నీళ్లకైతే వేరే మాట.

మీరు చెప్పిన లక్షణాలు చూస్తే నా అనుమానం మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా మీదే. దానికి కణకవచం ఉండదు, కాబట్టి పెనిసిలిన్‌కు లొంగదు. 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లోంచి కూడా జారిపోగలదు. ఎంత పెరిగినా మీడియం మసకబారదు, అందుకే అంత తేలిగ్గా పట్టుబడదు. యాంటీబయోటిక్ ఆపి కొన్నాళ్లు పెంచి, పీసీఆర్ (దాని డీఎన్‌ఏ ఉందో లేదో పట్టే టెస్ట్) చేయించండి. డీఎన్‌ఏకు అంటుకుని మెరిసే హోయెక్స్ట్ రంగు వేసి ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్‌లో చూసినా సరే: కేంద్రకం బయట సన్నటి చుక్కలు మెరుస్తుంటే దొరికినట్టే.

పాజిటివ్ వస్తే మొహమాటపడకుండా ఆ సెల్స్‌ను ఆటోక్లేవ్ చేసి (అధిక పీడనంలో వేడి ఆవిరితో చంపి) పారేయండి. ఫ్రోజెన్ స్టాక్ నుంచి కొత్త వయల్ తీసి, వేరే ఇంక్యుబేటర్‌లో పెట్టి, దాన్నీ టెస్ట్ చేయండి. ఇప్పుడు తెరిచి ఉన్న మీడియం సీసా మాత్రం మళ్లీ ముట్టుకోవద్దు.