పక్కింటి పిల్లిని మచ్చిక చేసుకోవాలంటే ముందు పక్కింటివాళ్ళతో మాట్లాడాలి

పక్క వాటావాళ్ళు రాత్రి భోజనాలు కాగానే తమ పెంపుడు పిల్లిని బయటికి వదిలి తలుపు వేసుకుంటున్నారనీ, అది తెల్లవార్లూ మీ వసారాలోనూ మెట్ల మీదా తచ్చాడుతూ అరుస్తోందనీ, దగ్గరికి వెళ్తే పారిపోతోందనీ రాశారు. దాన్ని ఎలా చేరదీయాలి, తిండి పెట్టవచ్చా అన్నది మీ ప్రశ్న. హైదరాబాదు నల్లకుంటలో మేముండే వీధిలో దాదాపు ఇదే పరిస్థితి మాకూ ఎదురైంది కాబట్టి, ఆ అనుభవంతో జవాబు రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లితో స్నేహం చేయడానికి ఓపిక ఉంటే చాలు, పెద్ద విద్యేమీ అక్కర్లేదు. యజమానులకు తెలియకుండా దానికి తిండి పెట్టడం మాత్రం నేను ఒప్పుకోను. ఇంట్లో కడుపునిండా తిని బయటికి వచ్చిన పిల్లికి రాత్రిపూట మీ నుంచి కావలసింది చాలావరకు తిండి కాదు. కుక్కలకు అందని, వాన తడవని ఒక చోటు.

మా పక్కింటిది నారింజ రంగు చారల మగపిల్లి. పేరు పండు. రాత్రి పది దాటితే మా ప్రహరీ గోడ మీద కూర్చుని అరవడం దానికి అలవాటు. ఆ ఇంటివాళ్ళకు మూగజీవాల మీద జాలి లేదని వీధిలో కొందరు చెవులు కొరుక్కునేవారు. నాకెందుకో అడిగి తెలుసుకోవడమే మేలనిపించి, ఒక సాయంత్రం ఆ ఇంటి పెద్దావిడ గేటు దగ్గర కూరగాయలు బేరమాడుతున్నప్పుడు వెళ్ళి, "పిన్నిగారూ, మీ పండు రాత్రిళ్ళు మా సజ్జ కింద పడుకుంటోంది, మీకు అభ్యంతరం లేకపోతే అక్కడ ఒక పెట్టె పెడతాను" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నొచ్చుకున్నట్టు చూసి, "పెట్టమ్మా, దానికేం! పిల్లవాడికి ఆయాసం రాబట్టి గానీ, రాత్రిళ్ళు దాన్ని బయట ఉంచాలని మాకు మాత్రం ఉందా?" అన్నారు. మనవడికి ఉబ్బసమట, పిల్లి పడకగదిలోకి రాకూడదని డాక్టరు చెప్పారట. ఉన్నవి రెండే గదులు కావడంతో వాళ్ళకు మరో దారి తోచలేదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఆ తర్వాత చెప్పారు. పండుకు అంతకు ముందోసారి మూత్రం బిగుసుకుపోయి ప్రాణం మీదికి వచ్చిందనీ, అప్పటి నుంచి పశువైద్యుడు చెప్పిన ప్రత్యేకమైన మేత తప్ప ఇంకేదీ పెట్టవద్దన్నారనీ అన్నారు. మగపిల్లుల్లో మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది. సన్నటి రాళ్ళ పొడి గానీ జిగురు గానీ అడ్డం పడి మూత్రం ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. జాలిపడి వీధిలో తలా ఒక పిడికెడు ఏదో ఒకటి పెడితే అలాంటి పిల్లికి ఏమవుతుందో ఆలోచించండి. మీ పక్కింటి పిల్లికి ఇలాంటి జబ్బేమీ లేకపోవచ్చు, కానీ ఆ మాట తెలిసేది వాళ్ళను అడిగితేనే. అడిగేటప్పుడు "రాత్రంతా ఎందుకు బయట పడేస్తున్నారు?" అని నిలదీయకుండా, "రాత్రిళ్ళు మా దగ్గరికి వస్తోంది, మేమేం చేస్తే మీకు ఇబ్బంది ఉండదు?" అని అడగండి. ఎదుటివాళ్ళకు తప్పు చేస్తూ దొరికిపోయామన్న భావన కలిగితే, ఆ తర్వాత మీరు ఎంత మంచి మాట చెప్పినా చెవికెక్కదు.

ఇక మచ్చిక విషయం. పారిపోయే పిల్లి వెంట మనం వెళ్తే అది ఇంకా దూరం పోతుంది కాబట్టి, ఎక్కడివాళ్ళం అక్కడే కూర్చోవాలి. నేను రోజూ రాత్రి గిన్నెలు సర్దుకున్నాక ఒకే వేళకు వసారా మెట్టు మీద, గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని. ఫోన్ చూసుకుంటూనో, చిక్కుళ్ళు వలుచుకుంటూనో దాని సంగతే పట్టనట్టు ఉండేదాన్ని. నిలబడి ఉన్న మనిషి పిల్లి కంటికి చాలా పెద్దగా కనిపిస్తాడు, పైగా తదేకంగా చూస్తే అది బెదిరింపుగా తీసుకుంటుంది. చూపు కలిసినప్పుడు కళ్ళను సగం మూసి, నిదానంగా రెప్పలు వాల్చి తెరిస్తే మాత్రం అది నెమ్మదిస్తుంది. ఇది పిల్లులు పెంచేవాళ్ళు ఎప్పటి నుంచో చెప్పే చిట్కాయే అయినా, 2020లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. అలా రెప్పలు వాల్చిన మనిషికి పిల్లులు తామూ రెప్పలు వాల్చి బదులిస్తాయనీ, కొత్త మనిషి అయినా సరే అతని చేతి దగ్గరికి ఎక్కువగా వస్తాయనీ తేల్చారు.

పండు మొదట గోడ దిగి పూలకుండీల వెనక కూర్చునేది, తర్వాత కుండీలు దాటి కింది మెట్టు వరకు వచ్చేది. ఒక రాత్రి నేను చూపుడువేలు దాని ముక్కు ఎత్తులో, దానికి అందీ అందనంత దూరంలో చాచి కదలకుండా ఉంచాను. మెడ సాచి వేలి కొసను వాసన చూసింది, చల్లటి ముక్కు ఒకసారి తగిలింది, వెనక్కి తగ్గి మళ్ళీ వచ్చి ఈసారి పెదవి మూల నుంచి చెంప మీదుగా చెవి దాకా వేలికి గట్టిగా రుద్దుకుంది. పిల్లుల చెంపల దగ్గర వాసన గ్రంథులు ఉంటాయి, అలా రుద్ది తన వాసన అంటించిందంటే మిమ్మల్ని తనవాళ్ళలో కలుపుకుంటున్నట్టే లెక్క. ఆ సమయంలో దాని తోక నిటారుగా లేచి ఉంటుంది. నేను చేసిందల్లా అక్కడితో ఆపి లోపలికి వెళ్ళిపోవడం. మొదటి రోజే ఒళ్ళంతా నిమరాలన్న ఆత్రం వద్దు.

నిమిరేటప్పుడు కూడా తల మీదికి పై నుంచి చెయ్యి తేకుండా చెంపలు, గడ్డం కింద, చెవుల మొదళ్ళలో మాత్రమే తడమాలి. వెల్లకిలా పడుకుని పొట్ట చూపిస్తే అది నమ్మకానికి గుర్తే గానీ పొట్ట తాకమని పిలుపు కాదు. తాకితే నాలుగు కాళ్ళతోనూ చెయ్యి పట్టుకుని గీరేస్తుంది. తోక అటూ ఇటూ కొడుతున్నా, చెవులు వెనక్కి వాలుతున్నా, వీపు చర్మం వణుకుతున్నా చెయ్యి తీసేయండి.

మీ ప్రశ్నలో తిండి గురించి కూడా ఉంది కాబట్టి, పక్కింటివాళ్ళు సరేనన్నాకే పనికొచ్చే మాటలు కొన్ని. పిల్లి అనగానే మనకు గిన్నెడు పాలు గుర్తొస్తాయి, కానీ ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగక విరేచనాలవుతాయి. మన వంటల్లో ఉల్లి, వెల్లుల్లి లేనిదేముంది? ఆ రెండూ పిల్లి నెత్తురులోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి, అందుకని కూర కలిపిన అన్నం, చారన్నం పెట్టకూడదు. పెరుగన్నంతో కడుపు నిండుతుంది గానీ, మాంసంలోనూ చేపల్లోనూ దొరికే టారిన్ అనే పదార్థం లేకపోతే పిల్లికి కాలక్రమంలో కళ్ళూ గుండే దెబ్బతింటాయి. మంచినీళ్ళు మాత్రం ఎవరినీ అడగకుండా పెట్టవచ్చు, వెడల్పాటి మట్టి మూకుడులో పోసి రోజూ మార్చండి. ఇంట్లో మాంసం వండనివాళ్ళైతే, ఇంటివాళ్ళు ఏ మేత వాడుతున్నారో అదే నాలుగు గింజలు వాళ్ళనే అడిగి తెచ్చుకుని చేతిలో పెట్టుకుంటే చాలు, మచ్చికకు అంతకన్నా అక్కర్లేదు.

నేను ఎక్కువ శ్రద్ధ పెట్టింది పెట్టె మీద. మందుల దుకాణంలో పారేసే థర్మకోల్ పెట్టె ఒకటి అడిగి తెచ్చి, ఒక పక్క సుమారు ఆరంగుళాల వెడల్పు కన్నం కోసి, బయట ప్లాస్టిక్ కవరు చుట్టి, రెండిటుకల మీద ఎత్తుగా పెట్టాను. కన్నం గోడవైపు ఉంటే వానజల్లు కొట్టదు, కుక్క మూతి పెట్టడానికి చోటూ ఉండదు. లోపల పాత దుప్పటి వేయాలని అందరికీ అనిపిస్తుంది గానీ, గుడ్డ తేమ పీల్చుకుని చల్లబడుతుంది. ఎండు వరిగడ్డి అయితే నీరు నిలవదు, పిల్లి అందులో దూరి వెచ్చగా ముడుచుకుంటుంది. పశువుల పాకల దగ్గర అడిగితే ఒక సంచి గడ్డి ఎవరైనా ఇస్తారు. సాధ్యమైతే పెట్టెను నేల మీద కాకుండా సజ్జ మీదో, మెట్ల మలుపులోనో పెట్టండి. హైదరాబాదులో రాత్రిపూట పిల్లికి అన్నిటికన్నా పెద్ద ముప్పు చలీ కాదు, వానా కాదు, వీధికుక్కల గుంపులే. ఎక్కడానికి ఒక గోడ, దూకడానికి ఒక సజ్జ దగ్గరలో ఉంటే అది తనను తాను కాపాడుకోగలదు. అపార్ట్‌మెంటు అయితే సెల్లారులో కార్లున్నవాళ్ళకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి. డిసెంబరు, జనవరి నెలల్లో పిల్లులు వెచ్చదనం కోసం ఇంజను లోపలికి దూరతాయి కాబట్టి, పొద్దున బండి తీసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొడితే చాలు.

మీ జాగ్రత్త కూడా చూసుకోవాలి. పిల్లికి రేబిస్ టీకా వేయించారా అని మొదటి సంభాషణలోనే అడగండి. ఎంత మచ్చికైన పిల్లి అయినా ఉలిక్కిపడితే కరుస్తుంది, రక్కుతుంది. అలా జరిగితే గాయాన్ని వెంటనే ధారగా పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. మనవైపు వాళ్ళకు నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి తెలిసినవే. పసుపు అద్ది ఊరుకోవడం ఈ విషయంలో ప్రమాదం. ఇంట్లో గర్భవతులుంటే పిల్లి మలం వాళ్ళచేత ఎత్తించవద్దు. కుక్కల పేలకూ గోమార్లకూ వాడే మందును దయతలచి పిల్లికి రాయవద్దు, వాటిలో కొన్నిటిలో ఉండే పర్మెత్రిన్ అనే పురుగుమందు పిల్లులకు విషం. జ్వరమేమో అని మనం వేసుకునే పారాసిటమాల్ ముక్క ఇచ్చినా అంతే.

పక్కింటివాళ్ళు వినకపోతే ఏం చేయాలని మీరు అడగలేదు గానీ, కొందరికి ఆ సందేహం వస్తుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 11వ సెక్షను ప్రకారం యజమాని తన జంతువుకు చాలినంత తిండి, నీరు, నీడ కల్పించకపోవడం నేరమే. అయితే మొదటిసారి నేరానికి ఆ చట్టంలో రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. యాభై రూపాయల కోసం గోడ అవతలి మనుషులతో జీవితాంతం మాటలు పోగొట్టుకోవడం నాకైతే తెలివైన పని అనిపించదు. పిల్లి చిక్కి శల్యమవుతున్నా, ఒంటి మీద గాయాలు మానకుండా ఉన్నా సంగతి వేరు. అప్పుడు జూబ్లీహిల్స్‌లోని బ్లూ క్రాస్ లాంటి జంతు సంరక్షణ సంస్థను సంప్రదించవచ్చు. అంతేగానీ మంచి మనసుతోనే అయినా పిల్లిని మీ ఇంట్లోకి తీసుకుని తలుపు వేసుకోవద్దు, అది ఇంకా వాళ్ళ పిల్లే.

మీ పక్కింటి పిల్లి రాత్రంతా అరుస్తోందన్నారు కాబట్టి ఇంకొక్కటి. అది ఆడపిల్లి అయి, ఆపరేషన్ చేయించనిదైతే ఆ అరుపులు ఆకలివి కాకపోవచ్చు, ఎదకు వచ్చిన అరుపులు కావచ్చు. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే చూలు కట్టగలదు, రెండు నెలలు దాటేసరికి పిల్లలను పెడుతుంది. ఆపరేషన్ చేయించని మగపిల్లి అయితే రాత్రిళ్ళు దూరం తిరిగి ఇతర మగపిల్లులతో పోట్లాడి చీము గాయాలతో వస్తుంది. మాట కలిసి కొంత చనువు ఏర్పడ్డాక ఈ సంగతి కదపండి. నారాయణగూడలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది, పిల్లిని తీసుకెళ్ళడానికి మూతపెట్టే బుట్ట మీ దగ్గరుంటే ఇస్తామనండి, వీలైతే తోడు వెళ్తామనండి. అలాగే వాళ్ళ పశువైద్యుడి ఫోన్ నంబరు ఒకటి రాసి పెట్టుకోండి. వాళ్ళు ఊళ్ళో లేని రోజున పిల్లికి ఏదైనా అయితే చేతిలో ఉండవలసింది అదే.