కర్ఫ్యూ ముందు చేపలు ఎండబెట్టడం ఎలా?

ప్రశ్న (2021, కరోనా కర్ఫ్యూ నాటిది): మే 5 నుంచి మధ్యాహ్నం 12 దాటితే బజారు ఉండదట. జూన్ 14 దాకా మర, మోటారు పడవల వేటా నిషేధమే. తెప్పల మీద వచ్చే కానాగంతలు (మాకెరెల్ చేపలు), నెత్తళ్లు (ఆంకోవీ చేపలు) ఇంట్లో ఎండబెట్టుకోవచ్చా? పోయినసారి పురుగు పట్టింది.
- ఒక పాఠకురాలు, భీమిలి

జవాబు: నిక్షేపంగా. నెత్తళ్లతో పెద్ద పని లేదు. ఉప్పునీటిలో కడిగి, వలమీద ఒకే వరసగా పరిస్తే మంచి ఎండకు రెండు రోజులు చాలు.

కానాగంతలకే ఓపిక కావాలి. వీపు వైపు నుంచి చీల్చి, పేగులు, మొప్పలు తీసేయండి. వెన్నుముల్లు వెంట నల్లగా ఉండే నెత్తురు గీకకపోతే అక్కడే కుళ్లు మొదలవుతుంది. 4 కిలోల చేపకు కిలో కల్లుప్పు. వరసకో పొర ఉప్పు చల్లి, పైన బరువు పెట్టి ఒక రోజంతా ఉంచండి. అల్యూమినియం గిన్నె వద్దు, ఉప్పుకి చిల్లులు పడుతుంది. తర్వాత ఉప్పునీటిలోనే కడిగి, నేలకు ఎత్తుగా కట్టిన వలమీద మూడు నాలుగు రోజులు ఎండబెట్టండి.

పురుగు ఎక్కువగా ఈగ గుడ్ల వల్లే. అవి తడి చేపమీదే పెడతాయి కాబట్టి మొదటిరోజు దోమతెర కప్పండి. పురుగుమందు మాత్రం కొట్టకండి. సముద్రపు గాలికి రాత్రి మళ్లీ చెమ్మ పడుతుంది, సాయంత్రమే లోపలికి తెచ్చేయాలి. నిల్వలో గులాబీ రంగు జిగురు కనిపిస్తే పారేయడమే. కవళ్లు (సార్డిన్ చేపలు) ఇలా దాచకండి, నూనె ఎక్కువ, త్వరగా కనరు వాసన వేస్తాయి.