గ్యాస్ గీజర్ ఉన్న గదిలో ఒక్కడివే ఉంటానంటున్న తమ్ముడికి

తమ్ముడూ, బెంగళూరు మారతహళ్ళిలో సింగిల్ రూమ్ దొరికిందని, బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంది కాబట్టి కరెంటు బిల్లు కలిసొస్తుందని రాశావు. అడ్వాన్స్ ఇచ్చేముందు నా సంగతి విను.

నేను 2006లో అనంతపురం నుంచి వచ్చాను. మీకిప్పుడు గది కూడా ఫోన్‌లోనే దొరుకుతోంది. నేను వీధి వీధి తిరిగి, రాని కన్నడంలో బతిమాలి సంపాదించుకున్నాను. గీజరూ, సిలిండరూ బాత్రూమ్‌లోనే. డిసెంబరు చలికి ఆగలేక వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టాను. అక్కడే తప్పు చేశాను. రోజూ స్నానం చేసి రాగానే తలనొప్పి, కడుపులో తిప్పడం. ఆఫీసుకెళ్తే తగ్గిపోయేది. కొత్త ఊరు, నీళ్ళు పడలేదనుకున్నాను. అమ్మ టెన్షన్ పడుతుందని ఫోన్‌లో చెప్పలేదు. పక్కనే ఉంటే రెండో రోజే నా మొహం చూసి అడిగేది.

ఒక ఆదివారం స్నానం చేస్తుంటే కాళ్ళలో సత్తువ పోయింది. గడియ తీయాలని తెలుసు, చెయ్యి లేవలేదు. నీళ్ళు వాకిట్లోకి పారుతున్నాయని పక్క పోర్షన్ ఆంటీ వచ్చి, పలక్కపోయేసరికి ఓనర్ కొడుకుతో గడియ విరగ్గొట్టించింది. గది తలుపు దగ్గరగా వేసి ఉండబట్టి సరిపోయింది. ఆస్పత్రిలో గంటల తరబడి ఆక్సిజన్ పెట్టారు.

గాలి చాలక గ్యాస్ సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. సిలిండర్ లీకైతే వాసన వచ్చేది, కావాలని కలిపారు కాబట్టి. ఈ కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ అంతా బాగానే ఉన్నట్టు చూపిస్తుంది, దాన్ని నమ్మి పడుకోకు. నాకులా తలనొప్పి, కడుపులో తిప్పడం మొదలైతే వెంటనే బయటి గాలిలోకి వచ్చి 108కి ఫోన్ చెయ్యి.

గీజర్ బయట ఉండాలి, వేడినీళ్ళ పైపు మాత్రమే లోపలికి రావాలి. మిగతా నిబంధనలు గీజర్‌తో ఇచ్చే పుస్తకంలో ఉంటాయి. ఓనర్ మార్చనంటే ఆ గది వద్దు. చలికి బొగ్గుల కుంపటి కూడా గదిలో పెట్టుకోవద్దు.

గీజర్‌దేముంది, మార్పించుకోవచ్చు. నువ్వు ఒక్కడివే ఉంటానన్నావే, అదే నా బెంగ. నేను వైట్‌ఫీల్డ్‌లో సొంత ఫ్లాట్ కొనుక్కునేదాకా వచ్చానంటే ఆ రోజు తలుపు కొట్టిన మనిషి ఉండబట్టే. ఇప్పటికీ ఉగాదికి ఆ ఆంటీ ఇంటికి వెళ్తాం.

గది చూడటానికి వెళ్ళినప్పుడు పక్క పోర్షన్‌లో ఎవరున్నారో కనుక్కో. కన్నడం రాకపోయినా పలకరించి, నీ నంబర్, ఇంట్లోవాళ్ళ నంబర్ ఇచ్చి రా.