బూట్ ఫ్లాపీతో హార్డ్ డిస్క్‌ను బాగుచేయవచ్చా?

ప్రశ్న: విండోస్ 2000తో నడిచే పాత వర్క్‌స్టేషన్ ఒకటి మా దగ్గర ఉంది. ఒక కొలత యంత్రానికి చెందిన కార్డు కొత్త కంప్యూటర్లలో అమరదు కాబట్టి దాన్నే వాడుతున్నాం. ఇప్పుడు ఆన్ చేయగానే ‘ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్’ అనే సందేశం చూపి ఆగిపోతోంది. సీడీ డ్రైవ్ పాడైంది, యూఎస్‌బీ నుంచి బూట్ అయ్యే (కంప్యూటర్ మొదలయ్యే) వీలు లేదు. ఫ్లాపీ డ్రైవ్ మాత్రం పనిచేస్తోంది. బూట్ ఫ్లాపీతో ఈ హార్డ్ డిస్క్‌ను బాగుచేయవచ్చా?

జవాబు: ముందుగా ఫ్లాపీ డ్రైవ్‌లో ఏదైనా ఫ్లాపీ మరిచిపోయారేమో చూడండి. విండోస్ 2000లో ఫార్మాట్ చేసిన మామూలు ఫ్లాపీ డ్రైవ్‌లో ఉండిపోయినా సరిగ్గా ఇదే సందేశం వస్తుంది.

డ్రైవ్ ఖాళీగానే ఉంటే, మీ తెర మీద కనిపించినది నిజానికి కొంత ఊరటనిచ్చే సందేశమే. దాన్ని చూపించేది బయాస్ (ఆన్ చేయగానే మొదట నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) కాదు, హార్డ్ డిస్క్‌లోని పార్టిషన్ (విభాగం) మొదట్లో ఉండే బూట్ సెక్టార్. సెక్టార్ అంటే డిస్క్‌లోని చిన్న ముక్క. అంటే బయాస్ డిస్క్‌ను గుర్తించింది, దాని మొట్టమొదటి సెక్టార్‌ను చదివింది, అందులోని పట్టిక ప్రకారం క్రియాశీల (బూట్ చేయాలని గుర్తు పెట్టిన) పార్టిషన్‌కు వెళ్లింది, అక్కడి బూట్ సెక్టార్ పని మొదలుపెట్టి విండోస్‌ను లేపే ఎన్‌టీఎల్‌డీఆర్ అనే ఫైలు కోసం వెతికి, దొరకక ఆగిపోయింది. కాబట్టి ఆ ఫైలు చెరిగిపోయి ఉండాలి, లేదా అది ఉన్న చోట సెక్టార్ పాడై ఉండాలి, లేదా వేరే పార్టిషన్ క్రియాశీలమై ఉండాలి. మదర్‌బోర్డు మీది బ్యాటరీ నీరసించి బయాస్ సెట్టింగులు మారిపోయినా, డిస్క్‌ను తప్పుడు పద్ధతిలో చదవడం వల్ల ఇలా జరగవచ్చు. అందుకే బయాస్‌లో తేదీ, డిస్క్ పరిమాణం సరిగ్గా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

ఇక ఫ్లాపీ సంగతి. విండోస్ 2000 గానీ ఎక్స్‌పీ గానీ ఉన్న మరో కంప్యూటర్‌లో ఒక ఫ్లాపీని ఫార్మాట్ చేయండి. విండోస్‌కు ముందటి పాత వ్యవస్థ అయిన డాస్‌లో చేసిన ఫార్మాట్ పనికిరాదు. ఎక్స్‌పీలో కనిపించే ‘ఎంఎస్ డాస్ స్టార్టప్ డిస్క్’ అనే ఎంపికనూ తాకవద్దు. ఎందుకంటే ఎన్‌టీఎల్‌డీఆర్‌ను వెతికే బూట్ సెక్టార్‌ను రాసేది విండోస్ మామూలుగా చేసే ఫార్మాటే. ఆ తరువాత అదే కంప్యూటర్ సీ డ్రైవ్ మొదట్లో దాచి ఉంచిన ఎన్‌టీఎల్‌డీఆర్, ఎన్‌టీడిటెక్ట్ డాట్ కామ్, బూట్ డాట్ ఐఎన్‌ఐ అనే మూడు ఫైళ్లను ఫ్లాపీలోకి కాపీ చేయండి. మూడూ కలిపి 400 కిలోబైట్లు కూడా ఉండవు. విండోస్ మొత్తం ఫ్లాపీలో పట్టనక్కర్లేదు. ఈ ఫ్లాపీ దారి చూపి తప్పుకుంటుంది, అసలు విండోస్ హార్డ్ డిస్క్ నుంచే లేస్తుంది.

విండోస్ ఏ డిస్క్‌లో, ఏ పార్టిషన్‌లో ఉందో చెప్పే బూట్ డాట్ ఐఎన్‌ఐని మాత్రం నోట్‌ప్యాడ్‌లో తెరిచి, మీ వర్క్‌స్టేషన్‌కు తగ్గట్టు దిద్దాలి. మొదటి ఐడీఈ (డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే పాత పద్ధతి) డిస్క్‌లోని మొదటి పార్టిషన్‌లో విండోస్ ఉంటే ఆ దారి ‘మల్టీ(0)డిస్క్(0)ఆర్‌డిస్క్(0)పార్టిషన్(1)\విన్‌ఎన్‌టీ’ అని ఉండాలి. ఫైల్లో దీన్ని ఇంగ్లిష్ అక్షరాలతోనే రాయాలి. డిస్కుల లెక్క సున్నాతో, పార్టిషన్ల లెక్క ఒకటితో మొదలవుతుందన్నది చాలామంది తడబడే చోటు. బూట్ చేసినప్పుడు ఎన్‌టీఓఎస్‌కేఆర్‌ఎన్‌ఎల్ అనే ఫైలు దొరకలేదని వస్తే, పార్టిషన్ సంఖ్యను 2గా మార్చి చూడండి.

విండోస్ లేచిన తరువాత చేయవలసిన మొదటి పని మరమ్మతు కాదు, మీ ఫైళ్లను నెట్‌వర్క్ ద్వారా మరో కంప్యూటర్‌లోకి తరలించడం. అది పూర్తయ్యాక ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ చిట్టా తెరిచి, ‘డిస్క్’ పేరుతో 7వ సంఖ్య గల దోషం ఉందేమో చూడండి. డిస్క్‌లో చెడిన భాగం తగిలిందని దాని అర్థం. అది కనిపిస్తే కొత్త డిస్క్ సమకూర్చుకోవాలి. కనిపించకపోతే డిస్క్‌లోని తప్పులను సరిచేసే చెక్‌డిస్క్ నడిపి, ఫ్లాపీలోని మూడు ఫైళ్లను సీ డ్రైవ్‌లోకి కాపీ చేస్తే సరిపోతుంది.

విండోస్ 98 ఫ్లాపీ పెట్టి ‘ఎఫ్‌డిస్క్ /ఎంబీఆర్’ కొట్టమని సలహా ఇచ్చేవారు ఎప్పుడూ ఉంటారు. మీ విషయంలో అది వద్దని నా అభిప్రాయం. మొదటి సెక్టార్‌లోని 512 బైట్లలో 446 బైట్ల మేర ఉండే భాగాన్ని అది తిరిగి రాస్తుంది. ఆ సెక్టార్ మీ డిస్క్‌లో పనిచేస్తూనే ఉంది. పైగా విండోస్ 2000 డిస్క్‌ను గుర్తుపట్టడానికి అక్కడ రాసుకున్న నాలుగు బైట్ల గుర్తు చెరిగిపోయి, డ్రైవ్ అక్షరాలు తారుమారయ్యే ప్రమాదం ఉంది. డిస్క్‌ను డాస్‌తో బూట్ అయ్యేలా మార్చే ‘సిస్ సీ:’ ఆదేశం కూడా అటువంటిదే: పార్టిషన్ ఫైల్ వ్యవస్థ (ఫైళ్లను అమర్చే పద్ధతి) ఫ్యాట్ అయితే ఎన్‌టీఎల్‌డీఆర్‌ను వెతికే బూట్ సెక్టార్‌ను తొలగించి డాస్‌ది పెడుతుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే డాస్‌కు ఆ పార్టిషన్ కనిపించనే కనిపించదు.

ప్రశ్న: నా డిస్క్ అప్పుడప్పుడు ‘టక్ టక్’ మంటోంది. కొన్ని ఫైళ్లు చదవలేకపోతోంది. డాస్ ఫ్లాపీ నుంచి స్కాన్‌డిస్క్‌తో ఉపరితల పరీక్ష నడపమంటున్నారు. నడపవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. లోపల చదివే తల భాగం దెబ్బతిన్న డిస్క్‌ను ఏ ఫ్లాపీ బాగుచేయలేదు. ఉపరితల పరీక్ష డిస్క్‌ను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చదివిస్తుంది కాబట్టి మిగిలిన కాస్త ఆయుష్షూ ఆ పరీక్షకే ఖర్చైపోవచ్చు. శబ్దం ఆగకుండా వస్తుంటే కరెంటు తీసేసి, సమాచారం విలువైనదైతే డేటా రికవరీ నిపుణులకు అప్పగించండి.

శబ్దం అరుదుగా వస్తూ డిస్క్ ఇంకా చాలావరకు చదువుతూ ఉంటే, ఒకే ఫ్లాపీలో ఇమిడే లినక్స్‌తో బూట్ చేసి, అంతకు తక్కువ కాని పరిమాణం గల మరో డిస్క్‌లోకి సెక్టార్ల వారీగా ప్రతిని తీసుకోవచ్చు. దీనికి వాడే ‘డీడీ’ ఆదేశానికి ‘నోఎర్రర్’, ‘సింక్’ అనే రెండు మాటలూ జోడించాలి. మొదటిది చదవలేని చోట ఆగిపోకుండా ముందుకు సాగమంటుంది, రెండోది ఆ ఖాళీని సున్నాలతో నింపుతుంది. రెండోది మరిచిపోతే తరువాతి సమాచారమంతా ముందుకు జరిగిపోయి ఫైల్ వ్యవస్థ చిందరవందర అవుతుంది. మూలం ఏది, గమ్యం ఏది అన్నది ఎంటర్ కొట్టే ముందు మళ్లీ చదువుకోండి. అవి తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మీ సమాచారం మీద పడుతుంది. స్కాన్‌డిస్క్ వంటి మరమ్మతులన్నీ ఆ ప్రతి మీదే చేయాలి.

ప్రశ్న: ఒక కంప్యూటర్‌లో చక్కగా బూట్ అయిన ఫ్లాపీ మరొక దాంట్లో చదవబడటం లేదు. ఫ్లాపీ లోపమా?

జవాబు: కావచ్చు, కానీ రెండు డ్రైవ్‌ల తలల అమరికలో తేడా ఉన్నా ఇలాగే జరుగుతుంది. 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో ఒక్కో వైపు 80 ట్రాక్‌లు (సమాచారం రాసే వలయాలు) ఉంటాయి. ఒక డ్రైవ్ కాస్త పక్కకు రాసినా, అది తన రాతను తాను చదువుకోగలుగుతుంది గానీ వేరే డ్రైవ్ చదవలేదు. వీలైతే ఏ వర్క్‌స్టేషన్ కోసం తయారు చేస్తున్నారో దాని డ్రైవ్‌లోనే ఫ్లాపీని రాయించి, అందులోనే ఒకసారి బూట్ చేసి చూడండి. పని అయ్యాక మూలనున్న చిన్న కిటికీ తెరుచుకునేలా మీటను జరిపితే ఇక దాని మీద ఎవరూ ఏమీ రాయలేరు.