సభ వాయిదా పడింది సరే, ప్రొరోగ్ అయిందా?

ప్రశ్న: సార్, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. చిక్కడపల్లి లైబ్రరీలో పేపర్ చూస్తుంటే ‘అసెంబ్లీ ప్రొరోగ్’ అని కనిపించింది. సభ నిరవధికంగా వాయిదా పడిందని అంతకు ముందే చదివాను. మళ్లీ ఇదేంటి? ఈ క్రియని ఎలా వాడాలి?
– ఓ పాఠకురాలు, అశోక్‌నగర్

జవాబు: రెండు వార్తలూ నిజమేనమ్మా. సభని వాయిదా వేసేది స్పీకర్. గంటసేపు వేయొచ్చు, తేదీ చెప్పకుండానూ వేయొచ్చు. ఎలా వేసినా సెషన్ మాత్రం బతికే ఉంటుంది. దాన్ని ముగించేది గవర్నర్, 174వ ఆర్టికల్ కింద. అదే ప్రొరోగ్ చేయడం. కాబట్టి ‘గవర్నర్ ప్రొరోగ్డ్ ద హౌస్’ అని రాయండి. ఆ వాక్యంలో గవర్నర్ బదులు స్పీకర్‌ని పెట్టారో, మార్కు పోయినట్టే.

నేను అసెంబ్లీ వార్తలు రాసిన రోజుల్లో ఈ నోటిఫికేషన్‌కి లోపలి పేజీలో రెండు లైన్లు దొరికితే గొప్ప. 2022 మార్చిలో మాత్రం హైదరాబాద్‌లో రాజకీయం తెలిసిన వాళ్లందరి నోటా ఇదే మాట. ఆ నెల 7న తెలంగాణ బడ్జెట్ సమావేశాలు గవర్నర్ ప్రసంగం లేకుండా మొదలయ్యాయి. ఏటా మొదటి సెషన్ ఆరంభంలో గవర్నర్ ప్రసంగించాలని 176వ ఆర్టికల్ చెబుతోంది కదా! ప్రభుత్వం ఏమందంటే, కిందటి సెషన్ ప్రొరోగ్ కాలేదు, ఇది దానికి కొనసాగింపే, కొత్త సెషన్ కాదు, అందుకని ప్రసంగం అక్కర్లేదని. అప్పటి గవర్నర్ తమిళిసై తన అసంతృప్తిని దాచుకోలేదు. నా మటుకు నాకు, రూలు ప్రకారం కుదిరింది గానీ పద్ధతిగా లేదనిపించింది.

ప్రొరోగ్ అయినంత మాత్రాన పెండింగ్ బిల్లులు పోవు, 196వ ఆర్టికల్ చూడండి. సభ రద్దు వేరే సంగతి. 2018 సెప్టెంబర్ 6న ఇక్కడ జరిగింది రద్దు.

స్పెల్లింగ్ చివర యు, ఈ ఉంటాయి గానీ పలకవు, లీగ్‌లో లాగే. రోగంతో దీనికి చుట్టరికం లేదు, కంగారు పడకండి. నామవాచకం ప్రొరొగేషన్. చట్టసభలకి తప్ప వాడరు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌ని ప్రొరోగ్ చేశామంటే వెటకారమనే అనుకుంటారు.

వాడకం బాగా పట్టుబడాలంటే బ్రిటన్ సుప్రీంకోర్టు 2019 సెప్టెంబర్ 24న ఇచ్చిన తీర్పు చదవండి. పార్లమెంటుని ప్రొరోగ్ చేయమని ప్రధాని రాణికి ఇచ్చిన సలహా చెల్లదని అందులో తేల్చారు. జడ్జిలు రాసిందే అయినా, ఇంగ్లీషు తేలిగ్గానే ఉంటుంది.